కూలికి పోయే మనిషికి ఉద్యోగ శిక్షణ: చిన్న స్వచ్ఛంద సంస్థ మొదటి బ్యాచ్ నడిపే పద్ధతి

డిగ్రీ మధ్యలో ఆపేసి ఇంట్లో ఉన్న ఇరవై ఏళ్ల కుర్రాడు మూడు నెలలు సెంటర్‌కి వచ్చి కూర్చోగలడు. ఇంట్లో అమ్మ అన్నం పెడుతుంది. ముప్పై అయిదేళ్ల ఆడమనిషి సంగతి వేరు. ఇద్దరు పిల్లలు, మంచాన పడ్డ అత్త, సంఘంలో తీసుకున్న లోను కిస్తీ, వారం వారం ఇంటిముందుకొచ్చే మైక్రోఫైనాన్స్ మనిషి. ఒక రోజు పనికి పోకపోతే ఆ రోజు డబ్బు రాదు. 2025-26లో తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. ఆ రేటుతో లెక్కేసినా 45 రోజుల శిక్షణకు ఆమె వదులుకునేది 13,815 రూపాయలు. ఆ తర్వాత ఇంటర్వ్యూలకి ఓ పదిహేను రోజులు, చేరాక మొదటి జీతం చేతికొచ్చేదాకా ఇంకో ముప్పై నలభై రోజులు. మొత్తం మీద మూడు నెలలకు పైనే ఆదాయం లేకుండా ఇల్లు గడవాలి. మనమేమో గేటుకి 'ఫ్రీ ట్రైనింగ్' అని ఫ్లెక్సీ కడతాం.

పెద్దవాళ్ల బ్యాచ్‌లు సగంలో ఖాళీ అయ్యేది ఎక్కువగా ఈ మూడు నెలల దగ్గరే. పాఠం బాగాలేక మానేసేవాళ్లు తక్కువ. అందుకే కింద చెప్పే అడుగులన్నీ ఈ ఖాళీని దృష్టిలో పెట్టుకుని రాసినవి. ఉదాహరణలు పాలమూరు (మహబూబ్‌నగర్) వైపువి. జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లో మందుల కంపెనీలు, షాద్‌నగర్, కొత్తూరు వైపు ఫ్యాక్టరీలు, బస్సెక్కితే హైదరాబాద్ ఆసుపత్రులు. మీది ఏ జిల్లా అయినా ఊళ్ల పేర్లు మార్చుకుంటే సరిపోతుంది.

1. కోర్సు పేరు అనుకునే ముందు ఉద్యోగం వెతకండి

ఎవరో పాతిక కుట్టు మిషన్లు ఇస్తామన్నారని టైలరింగ్ మొదలుపెట్టే సంస్థలు చాలా ఉన్నాయి. మిషన్లు రావడం మంచిదే. కుట్టినదాన్ని కొనేదెవరు అన్న ప్రశ్నకు మాత్రం మిషన్ ఇచ్చినవాళ్ల దగ్గర జవాబు ఉండదు.

ముందు ఉద్యోగం, దానికి తగ్గట్టు శిక్షణ అనే పద్ధతి మన దగ్గర కొత్తదేం కాదు. హైదరాబాద్‌లో 1996లో మొదలైన డాక్టర్ రెడ్డీస్ ఫౌండేషన్ 'ల్యాబ్స్' పేరుతో దీన్ని నడిపింది. 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈజీఎంఎం అనే ఉపాధి కల్పన మిషన్ పెట్టి పల్లె యువతకు ఉద్యోగంతో ముడిపెట్టిన శిక్షణ ఇచ్చింది. కేంద్రం 2014లో తెచ్చిన డీడీయూ-జీకేవై (దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన) కూడా శిక్షణ పొందినవాళ్లలో కనీసం 70 శాతం మందికి ఉద్యోగం చూపించాలని షరతు పెట్టింది.

మీ సెంటర్ నుంచి నలభై కిలోమీటర్ల లోపు ఉన్న ఆసుపత్రులు, ఫ్యాక్టరీలు, హాస్టళ్లు, హోటళ్ల లిస్టు రాసుకుని ఒక్కొక్కటీ తిరగండి. హెచ్‌ఆర్ రూములో టీ తాగి వచ్చేస్తే పని కాదు. షిఫ్టు వదిలే టైముకి గేటు బయట నిలబడి, బస్సు కోసం చూస్తున్నవాళ్లతో మాట్లాడండి. అసలు సంగతులు అక్కడ తెలుస్తాయి. జీతం కంపెనీ ఇస్తుందా, లేబర్ కాంట్రాక్టర్ ఇస్తాడా? ఎన్నో తారీకున పడుతుంది? పీఎఫ్, ఈఎస్‌ఐ కడుతున్నారా? నైట్ షిఫ్టు ఉందా? రోజంతా నిలబడాలా? బాత్రూముకి పోవాలంటే ఎవరినైనా అడగాలా? పోయిన మూడు నెలల్లో చేరినవాళ్లు ఎంతమంది, మానేసినవాళ్లు ఎంతమంది?

ఎక్కడా రాసిపెట్టని వయసు పరిమితి కూడా ఉంటుంది. నోటిఫికేషన్‌లో ఏమీ ఉండదు, ఇంటర్వ్యూకి పంపాక మాత్రం ఇరవై ఎనిమిది దాటినవాళ్లందరినీ వెనక్కి పంపేస్తారు. కాబట్టి 'ముప్పై ఎనిమిదేళ్ల మనిషిని తీసుకుంటారా?' అని మొదటి రోజే నోరు తెరిచి అడగండి. పెద్దవాళ్లని తీసుకునే చోట్లు, కొన్నిసార్లు వాళ్లే కావాలని అడిగే చోట్లు, ఉన్నాయి: ఆసుపత్రిలో పేషెంట్ కేర్, ఇంటి దగ్గర ముసలివాళ్లని చూసుకునే పని, హాస్టల్, క్యాంటీన్ వంటగది, చిన్న కుట్టు యూనిట్లు, మగవాళ్లకైతే డ్రైవింగ్, ఎలక్ట్రికల్, ప్లంబింగ్ హెల్పర్. మొదటి బ్యాచ్‌కి ఒక్క పని చాలు. మూడు కోర్సులు ఒకేసారి మొదలుపెట్టకండి.

పక్కవాళ్లు బాగా చేస్తున్న పనిని మీరు మళ్లీ చేయాల్సిన అవసరం లేదు. సొంత షాపో, డెయిరీయో పెట్టుకోవాలనుకునేవాళ్లని జిల్లాలోని ఆర్‌సెటికి పంపండి. 1982లో కర్ణాటకలోని ఉజిరెలో పుట్టిన రుడ్‌సెటి నమూనా మీద బ్యాంకులు నడిపే సెంటర్లు అవి. శిక్షణ, భోజనం, వసతి ఉచితం, తర్వాత రెండేళ్లు వెంట ఉండి చూస్తారు. బడి మధ్యలో మానేసినవాళ్లకి, చదువు రానివాళ్లకి జన్ శిక్షణ్ సంస్థాన్‌లు ఉన్నాయి. పల్లె పేద కుటుంబాల్లో 35 లోపు వయసువాళ్లకి డీడీయూ-జీకేవై ఉంది, ఆడవాళ్లకీ దివ్యాంగులకీ అందులో 45 దాకా అవకాశం ఉంది. దివ్యాంగులకైతే హైదరాబాద్‌లో యూత్‌ఫోర్‌జాబ్స్ ఉంది. ఈజీఎంఎంకి నాయకత్వం వహించిన మీరా షెనాయ్ 2012లో మొదలుపెట్టిన సంస్థ ఇది. ఈ తలుపులన్నీ తట్టాక మిగిలేవాళ్లు, అంటే వయసు దాటినవాళ్లు, ఇల్లు వదిలి హాస్టల్లో ఉండలేనివాళ్లు, మీవాళ్లు.

2. కాగితాలు, డబ్బు

ట్రస్టు లేదా సొసైటీ రిజిస్ట్రేషన్, ఆదాయపన్ను మినహాయింపులకి 12ఎ, 80జి, స్వచ్ఛంద సంస్థలు నమోదయ్యే ప్రభుత్వ పోర్టల్ దర్పణ్‌లో నంబరు ఉండాలి. కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్ఆర్ డబ్బు కావాలంటే 2021 ఏప్రిల్ నుంచి సీఎస్ఆర్-1 ఫారం వేసి నంబరు తెచ్చుకోవడం తప్పనిసరి. ఆ డబ్బు వేటికి ఇవ్వొచ్చో చెప్పే కంపెనీల చట్టం ఏడో షెడ్యూలులో వృత్తి నైపుణ్యాల శిక్షణ ఉంది కాబట్టి అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

బడ్జెట్‌లో గట్టిగా పట్టుబట్టాల్సింది స్టైపెండ్ దగ్గర. పాతిక మందికి, 45 రోజులకు, రోజుకు 100 రూపాయల చొప్పున 1,12,500. కూలికి ఇది సమానం కాదు, కానీ ఉప్పూ పప్పూ వస్తాయి. దాతలు దీనికి అంత తేలిగ్గా ఒప్పుకోరు. కంప్యూటర్ మీద కంపెనీ స్టిక్కర్ అంటించొచ్చు, స్టైపెండ్ మీద అంటించలేరు కదా! అందుకే పైన వేసిన 13,815 లెక్క ప్రపోజల్ మొదటి పేజీలోనే పెట్టండి. ప్రారంభోత్సవం, ఫ్లెక్సీలు, టీషర్టులు కొట్టేసి ఆ డబ్బు ఇటు మళ్లించండి.

3. మనుషుల్ని ఎంచుకోవడం

కరపత్రాలు పంచితే వచ్చేది కుర్రాళ్లే. పెద్దవాళ్లు దొరికేది గ్రామైక్య సంఘం మీటింగులో. సంఘం లెక్కలు రాసే వీవోఏతో మాట్లాడి, మీటింగు రోజు పది నిమిషాలు అడిగి తీసుకోండి. టౌనులో అయితే మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) కింద నడిచే మహిళా సంఘాలు. మగవాళ్లని కలవాలంటే తెల్లవారుజామున లేబర్ అడ్డా దగ్గరికి పోవాలి.

పేరు రాసుకున్న ప్రతి ఒక్కరి ఇంటికీ ఒకసారి వెళ్లండి. ఇంట్లో ఎవరు సంపాదిస్తారు, అప్పు ఎంత, కిస్తీ ఏ రోజు, పిల్లల్ని ఎవరు చూస్తారు, భర్తకీ అత్తకీ ఇష్టమేనా అని అడగండి. ఈ నోట్సు ప్లేస్‌మెంట్ దాకా పనికొస్తుంది.

తర్వాత చేయాల్సింది, చాలామంది దాటేసేది: శిక్షణ మొదలవకముందే పని చేయబోయే చోటు చూపించండి. ఇంట్లోవాళ్లని ఒకరిని కూడా తీసుకురమ్మనండి. పేషెంట్ కేర్ అంటే తెల్లకోటు వేసుకుని బీపీ చూడటం అనుకుని వస్తారు. బెడ్‌పాన్ ఎత్తాలి, వాంతి తుడవాలి, మగ పేషెంట్‌కి కూడా ఒళ్లు తుడవాల్సి రావచ్చు. వార్డులో ఒక గంట నిలబడ్డాక కొందరు 'మావల్ల కాదమ్మా' అని వెళ్లిపోతారు. ఆ రోజు వెళ్లిపోవడమే అందరికీ మేలు.

ఇక్కడ కులం సంగతి పక్కన పెట్టలేం. 'ఈ పని మావాళ్లు చేయరు' అనే మాట వినపడుతుంది. దానికంటే ప్రమాదం మన టేబుల్ దగ్గరే జరుగుతుంది. ఇంటిపేరు చూసి, ఊళ్లో ఇల్లు ఏ వైపు ఉందో చూసి, తెలియకుండానే కొందరిని హౌస్‌కీపింగ్‌కీ, కొందరిని రిసెప్షన్‌కీ రాసేస్తుంటారు కోఆర్డినేటర్లు. ఎవరిని ఏ పనికి రాశారో బ్యాచ్ లిస్టు ముందేసుకుని సంస్థ పెద్దలు స్వయంగా చూడాలి.

పని అడగని చదువు మీరు అడగకండి. టెన్త్ పాస్ కావాలని ఆసుపత్రి అంటే సరే, వంటగదికి టెన్త్ ఎందుకు? చదవడం ఎంత వచ్చో చూడాలంటే ఒక మాత్రల షీటు చేతికిచ్చి, దాని మీద తేదీలు ఎక్కడున్నాయో చూపించమనండి. ఏదైనా సర్టిఫికెట్ కోర్సులో చేర్పిస్తుంటే మాత్రం దాని కనీస అర్హత ముందే కనుక్కోండి.

4. రోజూ టైమూ, ఏడాది క్యాలెండరూ

నాట్లప్పుడు బ్యాచ్ పెడితే కుర్చీలు ఖాళీగా ఉంటాయి. పత్తి ఊళ్లలో దసరా నుంచి పత్తి ఏరే పని ఉంటుంది, ఆ కూలి వదులుకోమని ఎవరూ చెప్పలేరు. సంక్రాంతి దాటాక మొదలుపెట్టి ఎండలు ముదిరేలోపు ముగించడం మా వైపు కుదురుతుంది. మీ ఊరి పంటని బట్టి మీరు చూసుకోండి.

క్లాసు పొద్దున పదింటి నుంచి రెండున్నర దాకా చాలు. మూడేళ్లు దాటిన పిల్లలు అంగన్‌వాడీలో ఉంటారు, బడి పిల్లలు ఇంటికొచ్చేసరికి తల్లి ఇల్లు చేరుతుంది. అంతకంటే చిన్నపిల్లలుంటే సెంటర్లోనే ఒక చాప, నాలుగు బొమ్మలు, చూసుకోవడానికి ఊళ్లోనే ఒక పెద్దామె. ఆమెకి జీతం ఇవ్వాలి, సేవ పేరుతో ఊరికే చేయించుకోకూడదు.

ఆడవాళ్ల విషయంలో దూరం లెక్క ఈమధ్య మారింది. తెలంగాణలో మహాలక్ష్మి కింద 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకి ఛార్జీ లేదు. ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి 2025 ఆగస్టు 15న మొదలైంది. నెలకు వెయ్యీ రెండు వేలూ ఛార్జీలకే పోతాయని మానుకున్న ఉద్యోగాలు ఇప్పుడు గిట్టుబాటు అవుతాయి. అయితే చివరి బస్సు టైము చూడండి. రాత్రి పదింటికి షిఫ్టు దిగే మనిషికి ఫ్రీ బస్సు ఉండి ఏం లాభం?

5. ఏం నేర్పాలి, ఎవరు నేర్పాలి

పేషెంట్ కేర్ ఉదాహరణగా తీసుకుంటాను. వార్డులో ఆయమ్మ రోజూ రాయాల్సింది ఇంటేక్-అవుట్‌పుట్ చార్టు. పేషెంట్ ఎంత తాగాడు, ఎంత మూత్రం పోశాడు అని మిల్లీలీటర్లలో రాయాలి. దీన్ని పుస్తకంలో చెబితే బుర్రకెక్కదు. ప్రతి ఒక్కరినీ ఇంటినుంచి తాము రోజూ నీళ్లు తాగే స్టీలు గ్లాసు తెమ్మనండి. కొలజాడీ టేబుల్ మీద పెట్టి ఎవరి గ్లాసు వాళ్లు కొలవాలి. ఒకరి గ్లాసు 200, ఇంకొకరిది 280, చెంబు 500 పైన. 'ఒక గ్లాసు మజ్జిగ తాగాడు' అని రాస్తే డాక్టరుకి ఎందుకు పనికిరాదో అప్పుడు ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది. తర్వాత సగం గ్లాసు, పావు గ్లాసు, రెండు గుక్కలు కొలిపించండి. మర్నాడు ఒకరు పేషెంట్‌గా పడుకుంటే ఇంకొకరు పొద్దుటి నుంచి రెండింటి దాకా చార్టు రాయాలి, చివర కూడిక వేసి చూపించాలి. కూడిక తడబడేవాళ్లు ఇక్కడే బయటపడతారు, వాళ్లకి ఫోన్‌లో క్యాలిక్యులేటర్ వాడటం నేర్పండి. ఆసుపత్రిలో ఎవరూ వద్దనరు.

ఇంగ్లిష్ అంటే టెన్షన్ పడేవాళ్లకి గ్రామర్ మొదలుపెట్టకండి. వార్డులో రోజూ కనిపించే ఓ అరవై మాటల్ని బొమ్మల్లా గుర్తుపట్టిస్తే చాలు. బెడ్ దగ్గర 'ఎన్‌పీఓ' అని మూడు అక్షరాలు కనిపిస్తే చుట్టాలు ఎంత బతిమాలినా నోట్లో నీళ్లు కూడా పోయకూడదు. ఎమర్జెన్సీ, ఐసీయూ, ల్యాబ్, డిశ్చార్జ్, ఎడమ, కుడి లాంటివి.

మాట్లాడటం కూడా ప్రాక్టీసు చేయించాలి. 'సిస్టర్, నాకు అర్థం కాలేదు, ఇంకోసారి చెప్పండి' అనే ఒక్క వాక్యం గట్టిగా అనగలిగితే సగం పొరపాట్లు ఆగుతాయి. పెద్దవాళ్లకి ఇది చిన్నతనంగా అనిపిస్తుంది. తెలియకపోయినా తలూపేస్తారు. డ్యూటీ చార్టు వాట్సాప్‌లో ఫొటోగా వస్తుంది కాబట్టి దాన్ని పెద్దది చేసుకుని తన పేరు వెతకడం, రాలేకపోతే షిఫ్టుకి ముందే వాయిస్ మెసేజ్ పెట్టడం కూడా పాఠమే.

ట్రైనర్‌గా రిటైరైన వార్డు నర్సు దొరికితే వదలకండి. ఇరవై రెండేళ్ల డిగ్రీ అమ్మాయిని పెడితే ఆమె 'అక్కా', 'అన్నా' అని పిలవడం అలవాటు చేసుకోవాలి. నలభై ఏళ్ల మనిషిని బోర్డు దగ్గరికి పిలిచి స్పెల్లింగ్ రాయమంటే మర్నాడు ఆ మనిషి రాదు. పదిహేను రోజుల క్లాసు తర్వాత మిగతా రోజులు వార్డులోనే గడవాలి.

6. శిక్షణ జరుగుతుండగానే కాగితాలు సరిచేయండి

ఉద్యోగం వచ్చాక ఆధార్ సరిచేద్దామనుకుంటే జీతం ఆగుతుంది. ఆధార్‌లో లక్ష్మమ్మ, బ్యాంకులో లక్ష్మి, రేషన్ కార్డులో పెళ్లికి ముందు ఇంటిపేరు ఉంటాయి. పీఎఫ్ ఖాతా నంబరు యూఏఎన్‌కి ఆధార్‌లో పేరూ బ్యాంకులో పేరూ కలవాలి. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చుకోవచ్చు, పుట్టిన తేదీ ఒక్కసారే. కాబట్టి మీ సేవలోనో, ఆధార్ సెంటర్లోనో కూర్చునే ముందు ఏ కాగితాన్ని ప్రమాణంగా తీసుకుంటున్నారో తేల్చుకోండి. జన్‌ధన్ ఖాతాలో రెండేళ్లు ఏ లావాదేవీ లేకపోతే అది పనిచేయదు, కేవైసీ ఇచ్చి తెరిపించాలి. మొదటి వారంలోనే అందరి పాస్‌బుక్కులూ తెప్పించి చూడండి.

7. ఖాళీ మూడు నెలలు దాటించడం

స్టైపెండ్ శిక్షణతో పాటు ఆగిపోకూడదు. మొదటి జీతం పడేదాకా, తగ్గించి అయినా, ఇవ్వండి. డీడీయూ-జీకేవైలో ఉద్యోగంలో చేరాక కూడా నెలకు వెయ్యి రూపాయలు కొన్ని నెలలపాటు ఇచ్చే ఏర్పాటు ఉంది. ఆ ఆలోచన సరైనదే. చేరిన నెలలోనే యూనిఫాం బూట్లు, హాస్టల్ అడ్వాన్సు, టిఫిన్ బాక్సు అని ఖర్చులన్నీ మీద పడతాయి.

సంఘం ద్వారా స్త్రీనిధి లోను ఇప్పించే ఆలోచన తేలిగ్గా వస్తుంది. నేనైతే దాన్ని చివరికి పెడతాను. ఉద్యోగం నిలబడకపోతే అప్పు మాత్రం నిలబడుతుంది. అంతకంటే గ్రామైక్య సంఘంతో మాట్లాడి రెండు నెలల కిస్తీ వెనక్కి జరిపించడం మేలు. అది ఎంతమందికి కావాలో ఇంటికి వెళ్లినప్పుడు రాసుకున్న నోట్సులో ఉంటుంది.

ఉద్యోగం ఇచ్చేవాళ్లతోనూ బేరమాడొచ్చు. వార్డులో నేర్చుకునే రోజులకి భోజనం పెట్టమనండి, చేరిన మొదటి నెల పదిహేను రోజుల జీతం అడ్వాన్సుగా ఇమ్మనండి. అందరూ ఒప్పుకోరు, ఒప్పుకున్నవాళ్ల దగ్గరికే మంచి మనుషుల్ని ముందు పంపండి.

8. జీతం లెక్క చేరకముందే చెప్పండి

ఆఫర్ లెటర్‌లో 16,135 అని ఉంటుంది, చేతికి 12,215 వస్తుంది. 'మోసం చేశారు' అని అదే రోజు మానేసేవాళ్లున్నారు. క్లాసులో బోర్డు మీద ఇలా వేయండి. జీతం 14,000. ఇందులో పీఎఫ్ 12 శాతం, 1,680 కోత. ఈఎస్‌ఐ 0.75 శాతం, 105 కోత. మిగిలింది 12,215. కంపెనీ తన వాటాగా పీఎఫ్ 1,680, ఈఎస్‌ఐ 3.25 శాతం చొప్పున 455 కడుతుంది. ఆ రెండూ 14,000కి కలిపి 16,135 అని చూపిస్తుంది. పీఎఫ్ మన పేరు మీదే ఉంటుంది, ఈఎస్‌ఐ కార్డుతో ఇంట్లోవాళ్లకి కూడా వైద్యం దొరుకుతుంది. అలాగే 18వ తారీకున చేరితే మొదటి నెల జీతం పదమూడు, పధ్నాలుగు రోజులకే వస్తుందని ఇంట్లోవాళ్లకి కూడా చెప్పి ఉంచాలి.

పది మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే చోట లైంగిక వేధింపుల ఫిర్యాదు కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. ఆ కమిటీలో ఎవరున్నారో పేర్లు అడిగి రాసిపెట్టుకోండి. పేర్లు చెప్పలేని చోటికి పంపకండి.

9. చేరాక

మూడో రోజు, వారానికి, జీతం పడాల్సిన మర్నాడు, మూడో నెల, ఆరో నెల ఫోన్ చేయాలి. జీతం పడాల్సిన మర్నాడు చేసే ఫోన్‌కి విలువ ఎక్కువ, ఎందుకంటే పడకపోతే సూపర్‌వైజర్‌ని అడిగే ధైర్యం వాళ్లకి ఉండదు, మీకుంటుంది. మానేసినవాళ్లని తిట్టకుండా ఇంకో చోట చూపండి. రెండో ఉద్యోగంలో నిలబడేవాళ్లు చాలామంది.

రిజిస్టర్‌లో సర్టిఫికెట్లు ఎన్ని అన్న గడి పక్కన, ఆరో నెలలో పనిలో ఉన్నవాళ్లెవరు, చేతికొచ్చేది ఎంత అన్న గడి ఉండాలి. బ్యాచ్‌కి ఆరు లక్షలు ఖర్చయిందనుకోండి. పాతిక మందితో భాగిస్తే మనిషికి 24,000. ఆరో నెలలో పన్నెండు మందే పనిలో ఉంటే మనిషికి 50,000. దాతకి రెండో అంకె మీరే ముందు చెప్పండి, మిగతా పదమూడు మంది ఎక్కడ ఆగిపోయారో పక్కనే రాయండి. కూలి కోసం మధ్యలో వెళ్లిపోయినవాళ్లు అందులో ఎక్కువుంటే, వచ్చే బ్యాచ్‌కి స్టైపెండ్ పెంచమని అడగడానికి అదే కాగితం చాలు. రెండో బ్యాచ్ ఎంపికకి కూర్చున్నప్పుడు మొదటి బ్యాచ్‌లో ఉద్యోగం చేస్తున్న ఇద్దరిని మీ పక్కన కూర్చోబెట్టుకోండి, ఆ రోజు వాళ్లు పోగొట్టుకున్న జీతం లెక్కగట్టి ఇవ్వండి.